చీర మీద అందరి పేర్లు: పోచంపల్లి పట్టు, రెండు పడుగుల పని డైరీ

ఒక పట్టుచీరకు ఎన్ని చేతులు పనిచేశాయో అన్ని పేర్లూ ఆ చీర మీద ఉండాలి. ఆ పేర్ల వెనుక గంటల లెక్క ఎవరు అడిగినా చూపించేలా ఉండాలి. ఎత్తుకున్న పని ఇంతే. భూదాన్ పోచంపల్లి చుట్టుపక్కల రెండు ఇళ్ళు, రెండు గుంట మగ్గాలు (నేసేవారి కాళ్ళు గుంటలో ఉండేవి), ఇంటికొక పడుగు (మగ్గం మీద ఒకసారి ఎక్కించే నిలువు పోగులు), పడుగుకు 7 చీరల చొప్పున 14 చీరలు. అన్నీ పేకకు (అడ్డపోగుకు) చిటికి కట్టిన, అంటే నేయకముందే పోగుకు అక్కడక్కడ కట్లు కట్టి రంగు వేసిన ఇక్కత్. పన్నా (వెడల్పు) 46 అంగుళాలు, పొడవు జాకెట్టు ముక్కతో కలిపి 6.3 మీటర్లు.

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఎప్పుడో వచ్చింది. పట్టు అసలుదని చెప్పడానికి 2004 నుంచి సిల్క్ మార్క్, చేనేత అని చెప్పడానికి 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉన్నాయి. మూడూ కావాలి, మూడింటినీ వదులుకోకూడదు. అయితే మూడింటిలో ఎక్కడా మనిషి పేరు ఉండదు. ఆ ఖాళీ పూరించబోయి ఎక్కడెక్కడ తప్పులు చేశామో, వాటిని ఎలా దిద్దుకున్నామో కింద ఉంది. గంటలు మా రెండు ఇళ్ళవి. డిజైను మారితే అంకెలు మారతాయి, లెక్కకట్టే పద్ధతి మారదు.

దశ 1: గంటల లెక్క (1 నుంచి 7 వారాలు)

ముందు చేసిన తప్పు: ఇంటికొక నోటుబుక్కు ఇచ్చి ఎవరి గంటలు వాళ్ళను రాయమన్నాం. పదో రోజున తెరిచి చూస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదని తేలింది.

1. రాత్రి భోజనాలయ్యాక గుర్తున్నంత వరకు రాశారు. అన్నీ గుండు అంకెలే: 8, 8, 8.
2. రాసిందంతా మగ్గం మీద కూర్చునే మనిషే. ఆడవాళ్ళ పని దగ్గర "సాయం" అని రాసి గంటల గడి ఖాళీగా వదిలేశారు.
3. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, మధ్యలో లేచి పొయ్యి మీది అన్నం చూసుకునే పనికి గంట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేరు.

ఆ పది రోజులకు నోటుబుక్కులో ఆడవాళ్ళ పేరు మీద ఉన్నవి 6 గంటలు. అవే రోజుల్లో వాళ్ళు తోడిన బాబిన్లు (పోగు చుట్టే గొట్టాలు) బుట్టలో అలాగే ఉన్నాయి కాబట్టి వాటిని లెక్కపెట్టాం. 38 గంటల పని తేలింది.

అక్కడితో పద్ధతి మార్చేశాం. గంటలు అడగడం మానేసి వస్తువులు లెక్కపెట్టడం మొదలుపెట్టాం. దీనికి ఇంకో లాభం ఉంది: గడిచిపోయిన పనిని కూడా మళ్ళీ లెక్కకట్టవచ్చు.

1. ప్రతి పనికి లెక్కపెట్టదగ్గ వస్తువును ఎంచుకోండి. తోడడానికి బాబిను, ఆసుకు (ఒక చీర పేక పోగును మేకుల చుట్టూ పోసే పనికి) ఆసు, చిటికికి చీర, చుట్టడానికి కండె (నేసేటప్పుడు పేక పోగును అందించే చిన్న గొట్టం), నేతకు చీర.
2. వంటింటి టైమరుతో ఒక్కో పనిని ఐదుసార్లు కొలవండి. అయిదూ ఒకే పూట వద్దు. పొద్దున కండెకు 3 నిమిషాలు పట్టే చేతికి సాయంత్రం 4 పడుతుంది.
3. అన్నిటికన్నా పెద్ద అంకెనూ చిన్న అంకెనూ తీసేసి, మిగిలిన మూడింటి సగటు తీసుకోండి.
4. పది కండెలు పూర్తయినప్పుడల్లా ఒక చింతగింజ డబ్బాలో వేయమనండి. రాత మీద ఆధారపడిన ఏ పద్ధతీ మా దగ్గర వారం దాటి నిలవలేదు. గింజలు చివరిదాకా నిలిచాయి.
5. శనివారం శనివారం మొత్తం లెక్క ఇంటిల్లిపాది ముందు పైకి చదవండి. తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఒకటో పడుగు, 7 చీరల లెక్క:

- చిలపలు (పట్టుపోగు చుట్టలు) బాబిన్లకు తోడడం: 95 బాబిన్లు, ఒక్కోదానికి 24 నిమిషాలు, 38 గంటలు
- పడుగు పోయడం (నిలువు పోగులను వరసగా పరచడం): 9 గంటలు (ఇద్దరివీ కలిపి)
- ఆసు, చేతితో: 7 ఆసులు, ఒక్కోదానికి నాలుగున్నర గంటలు, 31.5 గంటలు
- గుర్తులు గీసి చిటికి కట్టడం: చీరకు 12 చొప్పున 84 గంటలు
- రంగులు వేయడం, ఒక రంగయ్యాక మళ్ళీ కట్టడం: 22 గంటలు (ఆరే సమయం కలపలేదు)
- కట్లు విప్పి వరస తప్పకుండా కండెలు చుట్టడం: 840 కండెలు, ఒక్కోదానికి మూడున్నర నిమిషాలు; 49 గంటలు
- అచ్చు అతకడం (పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతకడం): 3,680 పోగులు, ఇద్దరు చెరో అయిదు గంటలు, 10 గంటలు
- నేత: చీరకు 32 చొప్పున 224 గంటలు

మొత్తం 467.5 గంటలు. చీరకు 66.8.

ఇందులో మగ్గం మీద గడిచింది 224, అంటే నూటికి 48 పాళ్ళు. సగం కన్నా ఎక్కువ పని చీర మగ్గం ఎక్కకముందే అయిపోతోంది. ఆడవాళ్ళ వంతు తోడడం, ఆసు, కండెలు పూర్తిగా, చిటికిలోనూ పడుగులోనూ అచ్చు అతకడంలోనూ సగం: 170 గంటలు, నూటికి 36. ఈ ఇంట్లో మగ్గం మీద కూర్చునేది మగమనిషే. ఆడవాళ్ళే నేసే ఇళ్ళలో ఈ అంకె ఇంకా పెరుగుతుంది.

ఆసు గురించి కాస్త ఆగి చెప్పాలి. పేక పోగును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ, మధ్య మేకుకూ అంచు మేకులకూ మధ్య ఒక్కొక్కసారి చెయ్యి చాపి తిప్పాలి. ఒక చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలి. భుజం పట్టేసేది ఇక్కడే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూసి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. రెండో ఇంట్లో ఆ యంత్రం ఉంది: ఆసుకు గంటన్నర, ఏడు ఆసులకు 10.5 గంటలు. మిగతా పనులకు రెండో ఇంట్లోనూ దాదాపు అవే అంకెలు వచ్చాయి. అందువల్ల రెండో పడుగు మొత్తం 446.5 గంటలకు దిగింది.

2019–20 చేనేత గణన దేశంలో 35.22 లక్షల మందిని లెక్కించింది. అందులో 26.74 లక్షల మంది నేసేవాళ్ళు, మిగతా దాదాపు 8.5 లక్షల మంది అనుబంధ పనివాళ్ళు. మొత్తంలో నూటికి 72 మంది ఆడవాళ్ళే. ఆసు, కండెలు ఆ "అనుబంధ" గడిలో పడతాయి. గణనకు గడులు తప్పవు. మా చిట్టాలో మాత్రం ఆ మాటనూ, దాంతోపాటు "సాయం" అన్న మాటనూ తీసేశాం. ప్రతి పనికీ దాని పేరే రాశాం: తోడినవారు, ఆసు పోసినవారు, చిటికి కట్టినవారు, రంగు వేసినవారు, కండెలు చుట్టినవారు, నేసినవారు.

లెక్కలో కలపనివి: రంగు ఆరే రోజులు, వానకు గుంటలో నీరూరి మగ్గం ఆగిపోయిన 4 రోజులు. ఇవి పని గంటలు కావు, నిజమే. కానీ ఆ ఇంటికి కూలి రాని రోజులు. చిట్టాలో విడిగా "ఆగిన రోజులు" అని ఒక గడి పెట్టండి, లేకపోతే ఇవి ఎవరి కంటా పడవు.

ఖర్చు: టైమరు 250, గోడకు అంటించే పట్టికలు 120, రంగు పెన్నులు 90, నోటుబుక్కులు 60.
ఇప్పటిదాకా మొత్తం: 520 రూపాయలు.

దశ 2: పేరుపట్టీ (5 నుంచి 10 వారాలు)

అయిదు రకాలు చేసి చూశాం. నాలుగు పోయాయి.

దారంతో వేలాడే అట్టముక్క: దుకాణంలో తన ధర చీటీ తగిలించడానికి దీన్ని తెంపేశారు. మూడు చీరలకు కడితే మూడూ పోయాయి.

పాలియెస్టర్ శాటిన్ పట్టీ, మిషను కుట్టు: అంచులు వేడితో కోసినవి కాబట్టి గరుకుగా ఉండి మడతలో పట్టును గీశాయి. అంతకన్నా పెద్ద ఇబ్బంది కుట్టు. పట్టీ కాస్త లాగగానే కుట్టు పట్టిన చోట పోగులు పక్కకు జరిగి సన్నని సందులు పడ్డాయి. చీర ఒంటి మీద ఎక్కడా మిషను కుట్టు వేయకండి.

ఇస్త్రీతో అంటుకునే పట్టీ: జిగురు కరగడానికి కావలసిన వేడి పట్టు తట్టుకోదు. ముక్క మీద చేసి చూస్తే జిగురు కూడా అవతలి వైపుకు ఊరింది.

క్యూఆర్ కోడ్ ఉన్న నూలు నాడా: 18 మిల్లీమీటర్ల కోడ్‌ను కొత్తగా ఉన్నప్పుడు ఫోను చదివింది, మడత పడ్డాక చదవలేదు. 25 మిల్లీమీటర్లకు పెంచితే చదివింది గానీ నాడా వెడల్పే 20. పైగా ఆ కోడ్ తీసుకెళ్ళే పేజీని ఏళ్ళ తరబడి నడిపేదెవరు? పట్టుచీర ముప్ఫై ఏళ్ళు బీరువాలో ఉంటుంది. కోడ్ ఆలోచనే మానేశాం.

నిలిచింది: 20 మిల్లీమీటర్ల నూలు నాడా మీద రబ్బరు స్టాంపు, బట్టల మీద వేసే పిగ్మెంట్ ఇంకు, చేతికుట్టు.

ఇదీ మొదటిసారి కుదరలేదు. స్టాంపులో అక్షరం ఎత్తు 3 మిల్లీమీటర్లు పెట్టించాం. నాడా నేతలోని గీతల మధ్య సన్నని గీతలు తెగిపోయాయి, ఒత్తుల్లో ఇంకు నిండిపోయింది. 5 మిల్లీమీటర్లకు పెంచి, లావు అక్షరాలు వాడి, ఒత్తుకు కింద 3 మిల్లీమీటర్లు వదిలాక చదవడానికి వీలైంది. ఆ లెక్కన నాడా మీద ఒక వైపు రెండు వరసలు పడతాయి. 14 సెంటీమీటర్ల ముక్కను మధ్యకు మడిస్తే ముందు రెండు, వెనుక రెండు. వరసకు పన్నెండు అక్షరాలు దాటవు కాబట్టి ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించాల్సి వచ్చింది. ఒకరే రెండు పనులు చేసిన చోట రెండు పనులకూ కలిపి ఒకే వరస వేశాం.

రంగు దిగుతుందా లేదా చూసే పరీక్ష, చీర మీద వేసేముందు తప్పనిసరి:

1. లేత రంగు పట్టు ముక్కలు 10 సెంటీమీటర్ల చదరంలో ఆరు తీసుకోండి. మేము నేతలో పాడైన ముక్క వాడాం.
2. నాడా మీద ముద్ర వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. సగం ముక్కలను కాగితం కింద పెట్టి, నూలు బట్టకు వాడేంత వేడితో అయిదు నిమిషాలు ఇస్త్రీ చేయండి. ఇది చీరకు కుట్టకముందే జరగాలి. ఆ వేడి పట్టుకు తగలకూడదు.
3. ముద్ర పట్టుకు ఆనేలా కుట్టండి.
4. రెంటిని చల్లటి నీళ్ళలో కొంచెం షాంపూతో పది నిమిషాలు ఉంచి నీడలో ఆరేయండి. రెంటిని డ్రై క్లీనింగుకు ఇవ్వండి. రెంటిని తడిపి, మడిచి, 5 కిలోల బరువు కింద రాత్రంతా ఉంచండి. చెమట తడికి ఏమవుతుందో ఈ చివరిదాంట్లో తెలుస్తుంది.
5. పగటి వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద లేత మరక కనబడదు.

ఇస్త్రీ చేయనివాటిలో డ్రై క్లీనింగుకు ఇచ్చిన ముక్కలో ఇంకు పాకింది. బరువు కింద పెట్టినదానికి 4 మిల్లీమీటర్ల మరక పడింది. ఇస్త్రీ చేసిన మూడింటిలో ఏమీ దిగలేదు.

కుట్టడం: సన్నని సూది, చీర రంగు పట్టుదారం, నాడా మడత పై అంచుకు ఆరు కుట్లు, అంతకుమించి వద్దు. కుట్టు అంచు పోగుల మీదే పడాలి. అక్కడ నేత దట్టంగా ఉంటుంది, పోగులు జరగవు. పట్టీ మూడు పక్కలా వదులుగా జెండాలా వేలాడాలి.

ఖర్చు: అట్టముక్కలు 180, శాటిన్ పట్టీలు 650, ఇస్త్రీ పట్టీలు 240, నాడా 25 మీటర్లు 200, స్టాంపులు, ఇంకు 780, డ్రై క్లీనింగు 240. కలిపి 2,290.
ఇప్పటిదాకా మొత్తం: 2,810 రూపాయలు.

దశ 3: బట్టలోనే నేసిన గుర్తు (8 నుంచి 15 వారాలు)

కుట్టినది దేన్నైనా కత్తిరించవచ్చు. నేసినదాన్ని తీయలేరు. అందుకని పేరునే ఇక్కత్‌లో నేయాలనుకున్నాం. ఒడిశాలోని నువాపట్నలో జగన్నాథుడికి సమర్పించే ఖండువా అనే పట్టువస్త్రంలో గీతగోవింద పద్యాలనే ఇక్కత్ అక్షరాల్లో నేస్తారు. కాబట్టి ఇది అసాధ్యమేమీ కాదు. మేము చూసుకోనిది అక్షరం సైజు.

పేక చిటికిలో అడ్డంగా 3 మిల్లీమీటర్ల కన్నా సన్నగా కడితే రంగు కట్టు కిందికి ఊరింది. సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీ ఎంత బిగించినా అంతే. నిలువుగా నాలుగేసి పేకలు ఒక మెట్టు. ఈ లెక్కన పది మెట్ల అక్షరం ఎత్తు 17 మిల్లీమీటర్లు వస్తుంది. చూడటానికి చాలనిపిస్తుంది, చదవడానికి చాలదు. తెలుగులో "ప"కూ "వ"కూ తేడా తలకట్టు దగ్గరి చిన్న సందు. ఇక్కత్‌కు అందం తెచ్చే ఆ రంగు పాకడమే ఆ సందును మూసేసింది. "పద్మ" అన్న పేరు "వద్మ" అయింది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పోయింది. 11 గంటల పని అది, తీసి పక్కన పెట్టాం. పేరు తప్పుగా పడటం కన్నా అసలు పడకపోవడమే నయం.

ఎత్తు 40 మిల్లీమీటర్లకు పెంచితే అక్షరం నిలుస్తుంది. కానీ నాలుగు పేర్లకు చీరలో జానెడు మేర పోతుంది, అమ్మే చీరకు అది కుదరదు.

మార్చింది: పేరుకు బదులు సంఖ్య. పడుగు సంఖ్య, చీర సంఖ్య: 02-5 అంటే రెండో పడుగులో అయిదో చీర. ఉప్పాడ జాందానీలో పువ్వు వేసినట్టే, అదనపు పేక పోగును చేత్తో ఎక్కిస్తూ అంకెలు నేశాం. పేర్లు నాడా మీద, సంఖ్య బట్టలో, రెంటినీ కలిపే రిజిస్టరు ఊళ్ళో.

కొలతలు:

1. గళ్ళ కాగితం మీద అంకెకు 5 గళ్ళ వెడల్పు, 7 గళ్ళ ఎత్తు.
2. ఒక గడి వెడల్పు 8 పడుగు పోగులు, ఎత్తు 6 పేకలు. రెండూ సుమారు 2.5 మిల్లీమీటర్లు వస్తాయి.
3. అంకె వెడల్పు 12.5, ఎత్తు 17.5 మిల్లీమీటర్లు. నాలుగు గుర్తులకు అడ్డంగా ఆరు సెంటీమీటర్ల లోపే.
4. వెనుక తేలే పోగు ఒక గడిని దాటకూడదు. దాటితే మెట్టెకు, గోరుకు తగులుకుంటుంది.

మొదటి సంఖ్యకు 45 నిమిషాలు పట్టింది. నాలుగో చీరకు 20కి దిగింది.

దీంట్లోనూ రెండు చీరల్లో సంఖ్య చెడింది. ఒకదాంట్లో అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. కారణం ఇక్కత్‌లోనే ఉంది: రంగు పోగుకే పట్టింది కాబట్టి బట్టకు రెండు వైపులా ఒకటే, ముందూ వెనుకా అన్న పట్టింపే నేసేవాళ్ళకు ఉండదు. అంకె వేయగానే ఆ పట్టింపు వచ్చిపడింది. ఇప్పుడు గళ్ళ కాగితం మీద "మగ్గం మీద పైకి కనబడేది" అని రాసి, మగ్గానికి అంటిస్తున్నాం.

రెండోది చోటు పొరపాటు. సంఖ్యను చీర చిట్టచివర వేశాం. అక్కడ ఉన్నది జాకెట్టు ముక్క. దర్జీ దగ్గరికి పోయింది, కత్తెరకు పోయింది. దాన్ని ఇవతలికి జరిపి, జాకెట్టు ముక్క కోసే గీతకు 5 సెంటీమీటర్లు లోపల, చీర వైపే వేశాం. అక్కడా ఆలోచించాల్సింది ఉంది. కింది అంచున ఫాల్ కుడతారు, సంఖ్య దాని కింద దాగిపోతుంది. కాబట్టి పై అంచు వైపు, నడుము దగ్గర దోపుకునే చోట వేయాలి. కట్టుకున్నప్పుడు ఎవరికీ కనబడదు, మడత విప్పితే దొరుకుతుంది. నాడా పట్టీ కూడా ఆ పక్కనే, అదే పై అంచుకు.

ఖర్చు: గళ్ళ కాగితం 40, పోయిన ఇక్కత్ పేరు పనికీ సంఖ్యలు వేసిన సమయానికీ కూలి 1,900.
ఇప్పటిదాకా మొత్తం: 4,750 రూపాయలు.

దశ 4: పట్టీ మీద ఏం రాయాలి, ఎవరిని అడగాలి

ఇది చిన్న పని అనుకుని చివరికి పెట్టుకున్నాం. మొట్టమొదట పెట్టుకోవాల్సింది.

మొదటి స్టాంపు మీద "ఫలానా కుటుంబం" అని ఇంటి పెద్ద పేరు ఒక్కటే ఉంది. 170 గంటలు మళ్ళీ "సాయం" కిందికే పోయాయి. ఆ స్టాంపు పారేశాం. పేరు వేస్తామంటే ఆసు పోసే ఆమె అన్న మాట ఇది: "నాదేముంది, కండెలు చుట్టుడే గదా." ఆమె బతిమాలించుకోవడానికి అన్నది కాదు, నిజంగానే అలా అనుకుంటోంది. గోడ మీది పట్టికలో ఆమె గడిలో 118.5 గంటలు ఉన్నాయి: తోడడం, ఆసు, కండెలు. శనివారం ఆ అంకె పైకి చదివాక పేరు ఎలా రాయాలో ఆమే చెప్పింది.

రాతకు పెట్టుకున్న నియమాలు:

1. పేరు ఎవరిది వాళ్ళే రాసివ్వాలి, లేదా పలికి చెప్పాలి. ఆధార్ కార్డులోని ఇంగ్లిషు స్పెల్లింగు చూసి తెలుగులోకి దించవద్దు. మాకు అలా రెండు పేర్లు తప్పు పడ్డాయి.
2. పని వరస ప్రకారం పేర్లు: తోడినవారు ముందు, నేసినవారు చివర. వయసు, మగ, ఆడ తేడాతో వరస మార్చవద్దు.
3. ప్రతి ఒక్కరి దగ్గరా విడివిడిగా ఒప్పుకోలు. ఇంటి పెద్ద ఒక్కరి సంతకం అందరికీ చాలదు. వద్దన్నవారి పేరు వేయకండి. ఆ వరసలో పని పేరు, గంటలు మాత్రమే వేయండి.
4. ఫోను నంబరు వద్దు. మొదటి మూడు అట్టముక్కల మీద నంబరు వేశాం. ముక్కలు ఎవరి చేతుల్లో పడ్డాయో గానీ రాత్రిపూట పనికిమాలిన ఫోన్లు వచ్చాయి. నంబరు ఒక ఆడమనిషిది.
5. ఫోటో కూడా వద్దు. అడిగితే ఒప్పుకున్నారు గానీ, మొగమాటంతో ఒప్పుకున్నారని తర్వాత తెలిసింది.

ఫోను నంబరు తీసేయడం వల్ల ఇంకో చిక్కూ విడిపోయింది. పట్టు ఇచ్చి కూలికి నేయించే షావుకారుకు పేర్లంటే భయం: కొనేవాళ్ళు నేరుగా ఇంటికి వచ్చేస్తారని. పేరూ సంఖ్యా ఉండి నంబరు లేకపోతే ఆ భయం తగ్గింది. సొంతంగా అమ్ముకోదలచిన ఇల్లు తన నంబరు వేసుకోవచ్చు. అది ఆ ఇంటి నిర్ణయం, ఈ ప్రాజెక్టుది కాదు.

ఇదే సందర్భంలో చేయించాల్సింది ఒకటుంది. భౌగోళిక గుర్తింపు చట్టం (1999) కింద నేతకారులు తమ సొంత పేరున అధీకృత వినియోగదారుగా (ఆ గుర్తింపును వాడుకునే హక్కున్నవారిగా) నమోదు చేసుకోవచ్చు. నమోదు పదేళ్ళు చెల్లుతుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు. గంటల చిట్టా, పడుగు రిజిస్టరు చేతిలో ఉంటే పని రుజువు చూపడం తేలిక.

ఖర్చు: రెండు కాపీల రిజిస్టరు, 50 ఆకులు, 350.
ఇప్పటిదాకా మొత్తం: 5,100 రూపాయలు.

పనిలో పడ్డాక ఒక చీరకు అయ్యేది: నాడా 1.12, ఇంకు 1, దారం 1, రిజిస్టరు ఆకు 7. కలిపి 10 రూపాయల 12 పైసలు, దాంతోపాటు సంఖ్య నేసే 20 నిమిషాల కూలి.

దశ 5: మజూరీ (కూలి) చీటీ

పట్టీ మీద పేరు వేసి డబ్బు మాత్రం పాత పద్ధతిలోనే ఇస్తే ఆ పేరు ఉత్త అలంకారం.

షావుకారు గానీ చేనేత సంఘం గానీ మజూరీ చీర లెక్కన గుండుగుత్తగా ఇస్తారు. బేరమాడేటప్పుడు అందరి మనసులో ఉండేది మగ్గం మీది రోజులే. అంటే ఆ మొత్తాన్ని 32 గంటలతో భాగిస్తున్నారు. నిజానికి భాగించాల్సింది 66.8తో. అదే డబ్బు, గంటకు వచ్చేది సగం కన్నా తక్కువ. ఈ ఒక్క భాగహారం మగ్గాలున్న ప్రతి ఇంటి గోడ మీదా ఉండాలని మా అభిప్రాయం.

ఇంట్లో పంపకానికి మూడు పద్ధతులు చూశాం.

గంటల ప్రకారం: చిటికి కట్టేవారు ఒప్పుకోలేదు. డిజైను వాళ్ళ తలలో ఉంది, ఆ నైపుణ్యానికి విలువేదన్నారు. న్యాయమైన మాటే.

నైపుణ్యానికి గుణకం పెట్టి: తోడడం 1, ఆసు 1, చిటికి 1.5, నేత 1.5 అని రాసుకున్నాం. రెండో పడుగు నాలుగో చీరలో ఆసు దగ్గర పోగు ఒక మేకు తప్పింది. అక్కడి నుంచి డిజైను ఒక మెట్టు జరిగింది. కండెలు చుట్టే ఆమె కన్ను పట్టింది కాబట్టి 3 గంటల్లో సరైంది. మగ్గం ఎక్కాక బయటపడి ఉంటే ఆ చీరే రెండో రకం కింద పోయేది. అలాంటి పనికి 1 వేసింది ఏ లెక్కన? గుణకాలు పాత అంచనాలనే అంకెల్లో రాసిపెట్టాయి. వదిలేశాం.

వస్తువు లెక్కన: ఒక ఆసుకు ఇంత, పది కండెలకు ఇంత, ఒక బాబినుకు, ఒక చీర చిటికికి, ఒక చీర నేతకు ఇంత. రేట్లు ఇంట్లో అందరూ కూర్చుని వేసుకున్నవి. యంత్రం ఉన్న ఇంట్లోనూ ఆసుకు రేటు అదే. గంటన్నరలో అయిందని తగ్గిస్తే యంత్రం వల్ల మిగిలిన మూడు గంటల లాభం ఆసు పోసిన మనిషికి దక్కదు. చీటీ మీద ఒక్కో పనికి ఒక్కో వరస, ఎదురుగా పేరు, ఎవరి డబ్బు వాళ్ళ ఖాతాకు. మొదటి పడుగు డబ్బంతా ఒకే ఖాతాలో పడింది. రెండో పడుగుకు ముందు ఇద్దరు ఆడవాళ్ళ ఖాతాలు తిరిగి వాడుకలోకి తేవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈ పని దశ 1లోనే మొదలుపెట్టండి.

షావుకారు ఇచ్చే మజూరీ ఈ రెండు పడుగులకు పెరగలేదు. చీటీలు, పట్టికలు సంఘం ధరల సమావేశానికి ఇచ్చాం.

దశ 6: దుకాణంలో (11 నుంచి 24 వారాలు)

మొదటి పడుగు 7 చీరల్లో పట్టీ చెక్కుచెదరకుండా కొన్నవారికి చేరినవి 3. రెండింటి పట్టీ కత్తిరించారు, ఒకదాని మీద దుకాణం స్టిక్కరు అంటించారు, ఒకటి అమ్ముడుపోలేదు. కత్తిరించడానికి చెప్పిన కారణం: చీర మడతలో నాడా బయటికి వేలాడి షోకేసులో బాగాలేదు.

రెండో పడుగుకు మూడు మార్పులు చేశాం. మడతపెట్టేటప్పుడే నాడా లోపలి మడతలోకి వెళ్ళేలా మడతల వరస బొమ్మ గీసి ఇచ్చాం. చీర సంఖ్య బిల్లు మీద రాయాలని సరుకు ఇచ్చేటప్పుడే కాగితం మీద ఒప్పందం చేసుకున్నాం. అమ్మేవాళ్ళకు అరగంట చూపించాం: అచ్చువేసిన నకిలీ ఇక్కత్‌కు వెనుక రంగు వెలిసినట్టుంటుంది, అసలుదానికి రెండు వైపులా ఒకేలా ఉంటుంది, నకిలీలో గీత అంచు కత్తితో కోసినట్టుంటుంది, అసలుదానిలో రంగు కాస్త పాకి ఉంటుంది, ఒక పోగు కాలిస్తే పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి బూడిద చేతిలో నలుగుతుంది. ఈ మూడూ తెలిసిన అమ్మకందారు పట్టీని తానే చూపించి మాట్లాడాడు. తెలియకముందు అదే మనిషికి ఆ పట్టీ అడ్డంగా కనిపించింది. రెండో పడుగులో 7కి 6 చేరాయి.

కొన్ని రకాల చీరలను చేనేతకే కేటాయించిన 1985 చట్టం ఉందనీ, అందులో మొత్తం 11 రకాల వస్త్రాలున్నాయనీ దుకాణంలో ఎవరికీ తెలియదు. ఒక కాగితం మీద రాసి కౌంటరు వెనుక అంటించాం.

అమ్మిన నెలకు బిల్లులున్న ఆరుగురు కొనుగోలుదారులకు ఫోను చేసి, చీర మీద ఎవరి పేర్లున్నాయో గుర్తుందా అని అడిగాం. ఇద్దరు చెప్పగలిగారు. ఒకరు నేసినవారి పేరు చెప్పారు, ఇంకొకరు ఆసు పోసినామె పేరు చెప్పి, ఆసు అంటే ఏమిటని అడిగారు. దాంతో మూడో పడుగు నుంచి పట్టీతోపాటు అరచేతంత కాగితం ఒకటి పెట్టబోతున్నాం: ఒక్కో పని ఏమిటో ఒక్కో వాక్యం, ఆ చీరకు పట్టిన గంటలు.

మూడో పడుగుకు ముందు సరిచేయాల్సినవి

1. రెండో ఇంటి స్టాంపులో ఒక ఇంటిపేరు పొడి అక్షరం తప్పు. కొత్తది చేయించాలి. పాత స్టాంపుతో వెళ్ళిన చీరల సంఖ్యలు రిజిస్టరులో గుర్తుపెట్టాం.
2. రంగు పని ఊళ్ళోని రంగుల ఇంట్లో చేయిస్తే ఆ మనిషి పేరు రావడం లేదు. ఆయన్ను అడిగాం, ఒప్పుకున్నారు. నాడా మీద అయిదో వరసకు చోటు కావాలి: 20 మిల్లీమీటర్ల నాడా స్థానంలో 25 వాడి చూడాలి. పరీక్ష ముక్కలు బరువు కింద ఉన్నాయి.
3. రెండు కాపీల రిజిస్టరులో ఒకటి ఊళ్ళో, ఒకటి దుకాణంలో ఉంది. ఊళ్ళోది వానకు తడిసింది. రేకు డబ్బా కొనాలి.

చీరలు: 14. పట్టీతో కొన్నవారికి చేరినవి: 9. అమ్ముడుపోనిది: 1.
గంటలు: 467.5, 446.5. కలిపి 914.
ఖర్చు: 5,100 రూపాయలు, రేకు డబ్బా కాకుండా.